నీలం రంగు నుంచి నానో కణం దాకా: యల్లాప్రగడ సుబ్బారావు గారి కథ

ఈ సంచికకి ఒక శాస్త్రవేత్త జీవితం రాయమని మా ఎడిటర్ అక్క అడిగితే, కలాం గారి గురించో రామానుజన్ గారి గురించో రాద్దామనుకున్నా. వాళ్ళ మీద మన పాత సంచికల్లో ఇప్పటికే చాలా వచ్చాయి. అదే వారం మా ఫైనలియర్ ప్రాజెక్టు కోసం నానో పార్టికల్స్ మీద పేపర్లు చదువుతున్నా. ఏ పేపర్ తెరిచినా రెండు పేర్లు తగులుతున్నాయి: ఫోలిక్ యాసిడ్, మెథోట్రెక్సేట్. ఈ రెండిటి పుట్టుక వెతుక్కుంటూ వెనక్కి వెళితే భీమవరం తేలింది. సరే, ఇంకెవరి గురించో ఎందుకు అనిపించింది.

యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మనలో చాలామందికి తెలుసు. చిన్నప్పుడు తెలుగు వాచకంలోనో, క్విజ్ పోటీలోనో వినే ఉంటాం. కానీ ఆయన ఏం చేశారు అని అడిగితే ‘ఏదో మందు కనిపెట్టారు’ దగ్గర ఆగిపోతాం. నేనూ అక్కడే ఉండేవాణ్ణి. చదివాక నాకు అర్థమైంది ఏమిటంటే, ఆయన జీవితం రెండు రకాల ‘కలిసి పనిచేయడాల’ కథ. ఒక చోట కలిసి చేసిన పని బీరువాలో ఉండిపోయింది. ఇంకో చోట కలిసి చేసిన పని ప్రపంచమంతా మందులై తిరిగింది. మనిషి ఒక్కరే, చోట్లు వేరు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. నాన్నగారు జగన్నాథం గారు, అమ్మగారు వెంకమ్మ గారు. తండ్రి రెవెన్యూ శాఖలో ఉద్యోగి. ఒంట్లో బాగోక ముందే ఉద్యోగం మానేయాల్సి వచ్చింది, ఇంట్లో డబ్బుకి ఇబ్బందే. రాజమండ్రిలో చదువుకుంటున్న రోజుల్లో మన సుబ్బారావు గారు ఒక పని చేశారు. కాశీ వెళ్ళి యాత్రికులకి అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని బంధువుల కుర్రాడితో కలిసి ఇంట్లోంచి పారిపోయారు. దారిలోనే దొరికిపోయారు. వెంకమ్మ గారు పట్టుబట్టి మళ్ళీ బడికి పంపారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని పాసవ్వలేదు, అదీ మద్రాసు వెళ్ళాక. బ్యాక్‌లాగులు ఉన్న మిత్రులు ఈ వాక్యం గుర్తుపెట్టుకోవచ్చు.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చదువుతూ రామకృష్ణ మఠం వైపు మొగ్గారు. సన్యాసం తీసుకుందామనుకున్నారు. ముందు వైద్యం చదివి మనుషులకి పనికిరమ్మని అక్కడివాళ్ళు సలహా ఇచ్చారు. అలా మద్రాస్ మెడికల్ కాలేజీలో చేరారు. మిత్రులు, అనపర్తికి చెందిన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు ఆర్థికంగా ఆదుకున్నారు. 1919లో ఆ మూర్తి గారి కుమార్తె శేషగిరి గారితో పెళ్ళయింది. గాంధీ గారి పిలుపు విని సుబ్బారావు గారు ఖద్దరు సర్జికల్ కోటు వేసుకోవడం మొదలుపెట్టారు. అది సర్జరీ ప్రొఫెసర్‌కి నచ్చలేదు. మిగతా సబ్జెక్టులు బాగానే రాసినా చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికన్నా తక్కువ స్థాయి ఎల్ఎంఎస్. దాంతో సర్కారు వైద్య ఉద్యోగం దొరకలేదు. మద్రాసులో ఆయుర్వేద కళాశాలలో అనాటమీ చెప్పే పని చూసుకున్నారు.

ఈ కథలో అన్నిటికంటే బరువైన సంగతి ఇంట్లో జరిగింది. ఆయన సోదరులు ఇద్దరు కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. జబ్బు పేరు స్ప్రూ. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, మనిషి చిక్కి శల్యమవుతాడు, రక్తం పలచబడిపోతుంది. డాక్టరు చదువు చదివిన సోదరుడు ఉన్నా చేయడానికి ఏమీ లేదు. ఎందుకంటే అప్పటికి ఆ జబ్బుకి ప్రపంచంలో ఎక్కడా సరైన మందు లేదు. ఈ మాట గుర్తుంచుకోండి, పాతికేళ్ళ తర్వాత ఇది తిరిగొస్తుంది.

మామగారి సాయం, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయం కూడగట్టుకుని 1922 అక్టోబరులో బోస్టన్‌లో దిగారు, హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల గురించి చదవడానికి. శేషగిరి గారు అప్పుడు గర్భవతి. తర్వాత కొడుకు పుట్టాడు, పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డని చూడలేదు. ఆయన మళ్ళీ ఇండియాకి రాలేదు, భార్యాభర్తలు మళ్ళీ కలవలేదు. మనం ‘అమెరికా వెళ్ళి సాధించాడు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం గానీ, ఆ వాక్యం వెనక ఇక్కడ ఒక ఇంట్లో ఒక మనిషి జీవితమంతా ఎదురుచూపుగా గడిచింది. ఆ లెక్క ఏ పేపర్లోనూ రాలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

బోస్టన్‌లో ఎల్ఎంఎస్ సర్టిఫికేట్‌తో డాక్టరుగా పనిచేసే వీలు లేదు. ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరుగా చేరి రోగుల బెడ్‌పాన్లు కడిగారు, పగలు చదువుకున్నారు. డిప్లొమా అయ్యాక హార్వర్డ్ బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్కె దగ్గర చేరారు. ఇక్కడి నుంచి సైన్సు మొదలు.

మొదటి పని: రక్తంలో, మూత్రంలో ఫాస్పరస్ ఎంత ఉందో కొలవడం. ఫాస్ఫేట్‌ని ఆమ్లంలో మాలిబ్డేట్‌తో కలిపి, దానికి ఒక రిడ్యూసింగ్ ఏజెంట్ చేరిస్తే నీలం రంగు వస్తుంది. ఫాస్ఫేట్ ఎక్కువుంటే నీలం చిక్కగా, తక్కువుంటే పలచగా. ఆ చిక్కదనాన్ని కలరిమీటర్‌లో కొలిస్తే సరి. 1925లో వచ్చిన ఈ ఫిస్కె–సుబ్బారావు పద్ధతి వందేళ్ళ తర్వాత కూడా పాఠ్యపుస్తకాల్లో ఉంది. మన బయోటెక్ బ్రాంచి వాళ్ళని అడగండి, చాలామంది చేసే ఉంటారు.

ఇదే పద్ధతిని కండర ద్రవం మీద ప్రయోగిస్తే ఒక తేడా కనిపించింది. నీలం ఒక్కసారిగా రావడం లేదు, మెల్లమెల్లగా చిక్కబడుతోంది. ఇంకొకరైతే రీడింగ్ సరిగా రాలేదని మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు. వీళ్ళు మాత్రం ఎందుకు ఆలస్యమవుతోందని అడిగారు. కండరంలో ఫాస్ఫేట్‌ని పట్టుకుని ఉన్న ఒక బలహీనమైన సమ్మేళనం ఆమ్లంలో నెమ్మదిగా విడిపోతోందని తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో ప్రకటించారు. 1929లో ఏటీపీ. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నారు. కండరం లాక్టిక్ యాసిడ్ వల్లే కదులుతుందని అప్పటిదాకా ఉన్న నమ్మకం ఈ పనులతో కదిలిపోయింది. మనం ఇంటర్లో బట్టీ పట్టిన ‘కణానికి శక్తి కరెన్సీ ఏటీపీ’ అన్న వాక్యం వెనక ఒక మన ఊరి మనిషి ఉన్నాడన్నమాట.

1930లో పీహెచ్‌డీ వచ్చింది. మరో పదేళ్ళు హార్వర్డ్‌లోనే గడిచినా పక్కా ఉద్యోగం రాలేదు. ఆ ల్యాబ్‌లోనే పీహెచ్‌డీ చేసిన జార్జ్ హిచింగ్స్ (1988లో నోబెల్ పొందినాయన) చాలా ఏళ్ళ తర్వాత ఒక సంగతి బయటపెట్టారు. సుబ్బారావు గారు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లని ఫిస్కె బయటికి రానివ్వలేదట. వాటిని తర్వాత వేరేవాళ్ళు మళ్ళీ మొదటినుంచి కనిపెట్టాల్సి వచ్చిందట. సుబ్బారావు గారు దీనిమీద గొడవ పడినట్టు ఎక్కడా కనబడదు. ఆయన వినయం గొప్పదని మనవాళ్ళు రాస్తుంటారు. నిజమే కావచ్చు. కానీ నా మటుకు నాకు దీన్ని వినయం కింద మెచ్చుకుని వదిలేయడం కష్టంగా ఉంది. ఒకరి పేరు ఆపితే నష్టం ఆ ఒక్కరికే పరిమితం కాదు. ఆ పని కూడా ఆగుతుంది, దాని మీద కట్టాల్సిన తర్వాతి పనీ ఆగుతుంది, దాని కోసం ఎదురుచూసే రోగీ ఆగాలి.

1940లో హార్వర్డ్ వదిలి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ ల్యాబొరేటరీస్‌లో చేరారు. తర్వాత అక్కడ పరిశోధన విభాగానికి డైరెక్టర్ అయ్యారు. ఇక్కడ ఆయన తీరే వేరు. కెమిస్టులు, సూక్ష్మజీవుల శాస్త్రవేత్తలు, జంతువుల మీద పరీక్షలు చేసేవాళ్ళు, ఆసుపత్రుల్లో డాక్టర్లు, అందరినీ ఒక సమస్య చుట్టూ కూర్చోబెట్టారు.

మొదట ఫోలిక్ యాసిడ్ సంగతి. దీనికి ముందు చాలా చేతులు పనిచేశాయి. 1930ల మొదట్లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో గర్భిణుల్లో వచ్చే రక్తహీనతని పరిశీలించి, ఈస్ట్ సారంలో ఉన్న ఏదో పదార్థం దాన్ని తగ్గిస్తోందని చూపించారు. 1941లో అమెరికాలో మిచెల్, స్నెల్, విలియమ్స్ పాలకూర నుంచి ఆ పదార్థాన్ని తీసి, ఆకు నుంచి వచ్చింది కాబట్టి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. టన్నులకొద్దీ ఆకు వాడితే చిటికెడు వచ్చేది. దాని నిర్మాణం తేల్చి, ల్యాబ్‌లో తయారుచేసే దారి చూపింది లెడర్లీ బృందం. 1946లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఆ పేపర్ మీద 16 మంది పేర్లున్నాయి. అక్షర క్రమంలా కనిపించే ఆ వరసలో డైరెక్టర్ గారి పేరు ఎక్కడో మధ్యలో ఉంటుంది.

ఆ మందు చేతికొచ్చిన కొద్ది కాలానికే టామ్ స్పైస్ అనే డాక్టరు దాన్ని స్ప్రూ రోగులకి ఇచ్చి చూశారు. రక్తం మెరుగుపడింది, మనుషులు కోలుకున్నారు. స్ప్రూ! ఇద్దరు సోదరుల్ని తీసుకెళ్ళిన జబ్బు. ఆ కబురు పెర్ల్ రివర్‌కి చేరిన రోజున ఆయన ఏమనుకున్నారో ఎవరూ రాసిపెట్టలేదు. నేనూ ఊహించి రాయను.

ఇప్పుడు క్యాన్సర్ వైపు వద్దాం. బోస్టన్‌లో పిల్లల వ్యాధుల నిపుణుడు సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లలకి లెడర్లీ పంపిన ఫోలిక్ యాసిడ్ తరహా పదార్థాలు ఇచ్చి చూశారు. జబ్బు తగ్గకపోగా పెరిగినట్టు కనబడింది. దాన్నుంచే అసలు ఆలోచన పుట్టింది: ఫోలిక్ యాసిడ్ ఈ కణాలకి మేత అయితే, ఆ మేతలా కనిపిస్తూ పనికిరాని దాన్ని పెడితే? సుబ్బారావు గారి కెమిస్టులు అప్పటికే అలాంటి అణువుల మీద పనిచేస్తున్నారు. ఫోలిక్ యాసిడ్ అణువులో ఒక మూల ఉన్న హైడ్రాక్సిల్ గ్రూపు తీసి అమైనో గ్రూపు పెడితే అమైనోప్టెరిన్ అయింది. దానికి ఇంకో మిథైల్ గ్రూపు తగిలిస్తే మెథోట్రెక్సేట్. తాళంలో సరిగ్గా దూరుతుంది గానీ తిరగని తాళంచెవి లాంటిదన్నమాట. కణం డీఎన్ఏ కట్టుకోలేక ఆగిపోతుంది.

1948 జూన్‌లో ఫార్బర్ బృందం ఫలితాలు ప్రచురించింది. 16 మంది పిల్లలకి అమైనోప్టెరిన్ ఇస్తే 10 మందిలో మెరుగుదల కనిపించింది. అది తాత్కాలికమే, జబ్బు తిరిగొచ్చింది. అయినా అప్పటిదాకా ల్యుకేమియా వచ్చిన పిల్లలకి వారాల్లో, నెలల్లో చావు తప్ప మరో మాట లేదు. క్యాన్సర్‌ని ఒక రసాయనంతో వెనక్కి నెట్టవచ్చని లోకం నమ్మడం మొదలైంది అక్కడే. ఆ పేపర్ రచయితల జాబితాలో సుబ్బారావు గారి పేరు లేదు.

మన గోదావరి జిల్లాలకి ఆయన రుణం ఇంకోటి ఉంది. బోదకాలు. మా నాయనమ్మ వాళ్ళ ఊళ్ళో ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరిగి, ఎదురుగా నిలబడి మింగించే డీఈసీ మాత్ర ఉంది చూశారూ, అది 1947లో లెడర్లీ నుంచి హెట్రజాన్ పేరుతో వచ్చిందే. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకి వెళ్ళిన సైనికులకి ఫైలేరియా రావడంతో ఆ వేట ఊపందుకుంది. ఇంకా ఆరియోమైసిన్: విశ్వవిద్యాలయం నుంచి రిటైరై, డెబ్బై దాటిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్‌ని లెడర్లీ తీసుకుంది. ఆయన మట్టి నమూనాల్లో వెతికి పట్టిన బంగారు రంగు సూక్ష్మజీవి నుంచి టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు వచ్చింది. 1948 జులైలో దాన్ని లోకానికి పరిచయం చేశారు. తర్వాతి నెలలోనే, ఆగస్టులో, సుబ్బారావు గారు నిద్రలోనే గుండె ఆగి కన్నుమూశారు. వయసు 53.

ఇక నా ప్రాజెక్టు సంగతి. కొన్ని క్యాన్సర్ కణాల మీద, ముఖ్యంగా అండాశయ క్యాన్సర్లలో, ఫోలిక్ యాసిడ్‌ని పట్టుకునే గ్రాహకాలు మామూలు కణాల కంటే చాలా ఎక్కువ. కాబట్టి నానో కణానికి ఫోలిక్ యాసిడ్ అతికిస్తే అది చిరునామా రాసిన కవరులా నేరుగా అక్కడికి చేరుతుందని ఆశ. 2005లో మిషిగన్ విశ్వవిద్యాలయం బృందం సుమారు 5 నానోమీటర్ల డెండ్రిమర్ అణువుకి ఒక పక్క ఫోలిక్ యాసిడ్, ఇంకో పక్క మెథోట్రెక్సేట్ తగిలించి ఎలుకల్లో పరీక్షించింది. విడి మందు కంటే బాగా పనిచేసింది. చూశారా, కవరు మీద చిరునామా, లోపలి సరుకు, రెండూ పెర్ల్ రివర్‌వే! ఎలుక నుంచి మనిషి దాకా దారి చాలా పొడవు, అది వేరే సంగతి. కానీ అదే గ్రాహకం మీద ఆధారపడ్డ వేరే సాధనాలు రోగుల దాకా వచ్చాయి. ఫోలేట్ తరహా అణువుకి మెరిసే రంగు అతికించిన సైటలక్స్‌కి 2021లో అమెరికా అనుమతి వచ్చింది. సర్జరీలో కంటికి ఆనని అండాశయ క్యాన్సర్ ముక్కలు దాని వెలుగులో కనబడతాయి. 2022లో వచ్చిన ఎలాహెర్ అనే మందునైతే ముందు గడ్డని పరీక్షించి, ఆ గ్రాహకం తగినంత ఉందని తేలితేనే ఇస్తారు. ప్రిసిషన్ మెడిసిన్ అని మనం సెమినార్లలో చెప్పుకునేది ఇదే: ఎవరి జబ్బు ఏ తీరుదో చూసి వాళ్ళకి తగిన మందు.

ఇలాంటి పని ఒక్క బ్రాంచి వల్ల కాదు. మా నలుగురి టీమ్‌లోనే కెమికల్ నుంచి ఇద్దరం, బయోటెక్ నుంచి ఒకమ్మాయి, సెన్సర్ భాగానికి ఈసీఈ కుర్రాడు. కాన్ఫరెన్స్‌కి పంపాల్సిన పేపర్లో ఎవరి పేరు ముందు అన్న చర్చ రెండు సాయంత్రాలు నడిచింది. సుబ్బారావు గారిని చదివాక నాకు అది చిన్న గొడవలా అనిపించడం మానేసింది. ఎవరు ఏం చేశారో స్పష్టంగా రాసుకుని మొదటి రోజే కాగితం మీద పెట్టాలని అడిగాను, ఒప్పుకున్నారు. ఫిస్కె ల్యాబ్‌లో అలాంటి కాగితం ఒకటి ఉండి ఉంటే, ఆ న్యూక్లియోటైడ్లు అన్నేళ్ళు చీకట్లో ఉండేవి కావేమో.

ఆయన పోయాక కొన్నేళ్ళకి, లెడర్లీ సహోద్యోగి ఒకరు కొత్తగా దొరికిన ఫంగస్‌కి సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. 1995లో మన తపాలా శాఖ స్టాంపు వేసింది. ఇవి బాగానే ఉన్నాయి. నేను మాత్రం మిమ్మల్ని అడిగేది ఇంతకంటే చిన్నది. మన ప్రాజెక్టు రిపోర్టుల్లో కృతజ్ఞతల పేజీ ఒకటి ఉంటుంది. సీనియర్ల ఫైల్లోంచి కాపీ చేసి, గైడు పేరు మార్చి పెట్టేస్తాం. ఈసారి ఆ పేజీ సొంతంగా రాయండి. కలరిమీటర్ బాగుచేసి ఇచ్చిన ల్యాబ్ టెక్నీషియన్, కెమికల్స్ కోసం సంతకాలు చేయించుకొచ్చిన అటెండర్ బాబాయి, రాత్రంతా రీడింగులు రాసుకున్న జూనియర్, పేర్లతో సహా రాయండి.